మారెక్క లేరు

"ఈ పాప మొగంలోకి ఈ పిల్లోడు ఎట్ల దూరినాడప్పా?"

మేడ మీది ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఓబిలేష్ తల తిప్పి చూశాడు. గుమ్మం దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, భుజం మీద కంబళి, చంకలో పామిడి బట్టల అంగడి కవరు. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి వచ్చినట్టున్నాడు, కాళ్లకు మట్టి తప్ప ఏమీ లేదు. గోడకున్న పెద్ద ఫోటో కేసి వేలు చూపిస్తున్నాడు.

ఆ ఫోటోలో పెళ్లికూతురు పక్కకు తిరిగి ఉంటుంది. ఆమె చెంప మీదుగా, జడ మీదుగా పెళ్లికొడుకు నడిచి వస్తుంటాడు. వాడి కాళ్ల కింద పెన్నేటి ఇసుక, వాడి వెనకాల సాయంత్రపు ఎండ, అన్నీ ఆ పిల్ల ముఖంలోనే. పామిడి చుట్టుపక్కల ఏ పెళ్లి ఆల్బం తెరిచినా మొదటి పేజీ ఇలాగే ఉంటుంది. ఫోటోలు తీసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఒక ఫోటోలో ఇంకో ఫోటోను కరిగించాలంటే ఓబిలేషే అని ఊళ్లో పేరు.

"దూరలేదు పెద్దాయనా. రెండు ఫోటోలు ఒగదాని మింద ఒగటేసి కలిపితే అట్ల వస్తాది."

"రెండేనా? ఇంగా ఎక్కువ కలపొచ్చునా?"

"ఎన్నైనా కలపొచ్చు."

"సచ్చిపోయినోళ్లను?"

ఇది ఎప్పుడూ వచ్చే బేరమే. చనిపోయిన తాతను మనవడి పెళ్లిలో నిలబెట్టమంటారు. కువైట్‌లో ఉన్న అన్నను గృహప్రవేశంలో కూర్చోబెట్టమంటారు. ఓబిలేష్ చెయ్యి చాపాడు.

"ఫోటో ఇయ్యి."

"ఫోటో లేదు గదా" అన్నాడు ముసలాయన, ఆ తప్పు తనదే అయినట్టు. "ఉంటే నీకాడికి ఎందుకొస్తా?"

ఆయన పేరు తిప్పయ్య. పెన్న అవతలి పల్లె, గొర్రెల కాపరి. కుర్చీ చూపిస్తే వద్దని కింద కూర్చోబోయాడు. ఓబిలేష్ బలవంతం చేస్తే ఫోటోలు తీయించుకునేవాళ్లు కూర్చునే స్టూలు మీద, సగం దించి సగం మోపి కూర్చున్నాడు. కవరు ఒళ్లో పెట్టుకుని, అందులోంచి ఒక చీర బయటికి తీశాడు. ఆకుపచ్చది, ఎర్రంచుది.

"ఇది మారెక్కకు. నా పెండ్లాం. ఆయమ్మ పోయి ఇరవై రెండేండ్లాయె. ఆదివారం పెద్దల అమాస గదా. మా కొడుకు ఓబన్న కొత్తిల్లు కట్టినాడు. పోయినేడు అమాసకు గోడకు మా నాయన ఫోటో, మాయమ్మ ఫోటో పెట్టి, ముందర కొత్తబట్టలు పెట్టి, పెద్దలకు మొక్కిరి. మారెక్కకు చీర పెట్టల్యా. ఏమ్మా అని కోడలిని అడిగితే, ఫోటో ల్యాకపోతే ఎవురి ముందర పెట్టాల మామా, అనె."

"అట్లన్యాదా?"

"ఆ పిల్ల చెడ్డది కాదప్పా. పుష్పావతి మంచిదే. ఆయమ్మను చూసిందా పెట్టిందా? అడిగిందాంట్లో తప్పు ల్యా. కానీ ఆ ఇంటి పునాదిలో ఉండే రాళ్లు మారెక్క నెత్తిన మోసి కుప్పేసినవి. రాళ్లు లోపలుండాయి, ఆయమ్మ బయటుండాది."

చెప్పి చీర మడత చెడకుండా మళ్లీ కవర్లో పెట్టాడు. వోటు కార్డు కోసం ఫోటోల వాళ్లు వచ్చిన రోజు మారెక్క గొర్రెల వెనకాల పోయిందట. రేషన్ కార్డుకు రెండోసారి వచ్చినప్పుడూ అంతే. ఇంట్లో ఉన్నవాళ్లకు ఫోటోలు పడ్డాయి, పనికి పోయినామెకు పడలేదు. లోకం తీరే అంత. ఎవరు పని చేస్తున్నారో వాళ్లు ఏ ఫోటోలోనూ ఉండరు. ఆ సంగతి ఓబిలేష్‌కు తెలియంది కాదు. ఎన్నో పెళ్లిళ్లు తీశాడు, ఒక్క దాంట్లోనూ తన ముఖం లేదు.

"మారెక్క చెల్లెలుండాది తనకల్లులో, తిమ్మక్క. కండ్లు ఒగటే మాదిరి అనేటోళ్లు. మా బామ్మర్ది బయ్యన్నది ముక్కు. కొడుకు ఓబన్నకు నోటి కింద గదువ తల్లిదే. అందర్నీ కలిపితే రాదా?"

రాదని చెప్పి పంపేయాలి. అదే మర్యాద. కానీ ఇవి పెళ్లిళ్లు లేని రోజులు. మూడు రోజులుగా ఆ మెట్లెక్కి వచ్చిన మనిషి ఈయనొక్కడే. పొద్దున హోటల్లో ఇడ్లీ పొట్లం కట్టించుకున్నప్పుడు "చట్నీ ఎక్కువెయ్యి" అన్న తర్వాత ఓబిలేష్ మళ్లీ నోరు తెరిచింది ఇప్పుడే. ఒంటరితనం మనిషి చేత ఒప్పుకోకూడని పనులు ఎన్నో ఒప్పిస్తుంది.

"చూద్దాంలే పెద్దాయనా" అన్నాడు.

మర్నాడు గురువారం పొద్దున్నే తిప్పయ్య వచ్చేశాడు. బయ్యన్న ఫోటోను అద్దంతో సహా గోడ మీంచి పీక్కుని, కంబళిలో చుట్టుకుని తెచ్చాడు. బయ్యన్న ఇంట్లో అడిగి తెచ్చాడో అడక్కుండా తెచ్చాడో ఓబిలేష్ విచారించలేదు. తిమ్మక్క మనవరాలు తనకల్లు నుంచి ఫోన్లో ఫోటో పంపింది. ఓబన్నది ఆధార్ కార్డులోది, ముఖమంతా మసి పూసినట్టుంది.

ఓబిలేష్ ముందు ముఖాలన్నిటినీ ఒకే కొలతకు తెచ్చాడు. కంటి మీద కన్ను, నోటి మీద నోరు పడేలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. బయ్యన్న మీసం చెరిపేశాడు. మీసం పోగానే బయ్యన్న ఎవరో పిన్నమ్మలా తయారయ్యాడు. తిప్పయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"వాడికిది చూపించద్దప్పా, నన్ను సంపుతాడు."

పేర్చిన తర్వాత అసలు పని. ఒక్కొక్క ముఖాన్ని కొంచెం కొంచెం పలచన చేస్తూ పోవాలి. తిమ్మక్కను సగానికి దించితే కింద బయ్యన్న బయటపడతాడు. బయ్యన్నను నూటికి ముప్పైకి దించితే ఓబన్న గదువ పైకి తేలుతుంది. కళ్లు తిమ్మక్కవి ఉంచి మిగతాది చెరపాలి, ముక్కు బయ్యన్నది ఉంచి మిగతాది చెరపాలి. ఓబిలేష్ పని చేస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. ఏళ్ల తరబడి ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఆ జబ్బు తప్పదు. పొరల్లాంటి ఆ ముఖాలను ఈ పనిలో లేయర్లు అంటారు. పామిడిలో ఎవరి నోటా ఆ మాట అంత సాగదు. ఓబిలేష్‌కు పని నేర్పినవాడు "లేరు" అనేవాడు, ఓబిలేష్ కూడా "లేరు" అనే అంటాడు.

అన్నీ కలిసి వచ్చే ముఖం కోసం అన్నిటి పైనా ఒక కొత్త పొర తెరిచి, పేరు కొడుతూ పైకే అన్నాడు.

"మారెక్క... లేరు."

వెనక స్టూలు కిర్రుమంది.

"ఏమంటివప్పా?"

"ఏంది? మారెక్క లేరు..."

తిప్పయ్య లేచి నిలబడ్డాడు. తలకున్న తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. ఏం చేయాలో తోచనప్పుడు మనుషులు అలాంటి పనేదో ఒకటి చేస్తారు.

"ఆయమ్మ పోయిన పొద్దు ఊరంతా ఏమనిరో తెల్సునా? మారి సచ్చిపోయెనంట అనిరి. వోట్లు రాసుకునేటోళ్లు వచ్చి, ఈ ఆడమనిషి ఉండాదా ల్యాదా అని అడిగిరి. ల్యాదు అంటిని. కొట్టేసుకోని పోయిరి. అదే మా ఊరి పెద్దరెడ్డి పోతే, రెడ్డి లేరు, రెడ్డి లేరు అని ఊరూరా చెప్పొచ్చింటిమి. మారెక్కను లేరు అన్నోడివి నువ్వొక్కడివేనప్పా."

ఓబిలేష్ ఆయన వైపు తిరిగాడు. అది పని మాట పెద్దాయనా, మర్యాద కాదు, అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. తిప్పయ్య కళ్లు తుడుచుకోవడం చూసి మింగేశాడు. మింగాక సిగ్గేసింది. తను ఇవ్వని మర్యాదకు దండం పెట్టించుకున్నట్టయింది. ఆ సిగ్గుకు తగ్గట్టు పని చేశాడు ఆ రోజంతా. పెళ్లికూతుళ్ల ముఖాలకు కూడా అంత శ్రద్ధ పెట్టి ఎరగడు. ఒక్కొక్క వెంట్రుక విడదీశాడు. నుదుటి మీద బొట్టు కింద చర్మం ఎంత నల్లబడి ఉంటుందో ఊహించి దిద్దాడు.

కానీ ఎన్ని విధాల చేసి చూపించినా తిప్పయ్యది ఒకటే మాట.

"కాదప్పా."

"కండ్లు రవ్వంత చిన్నవి చేస్తే?"

"కాదు."

"ముక్కు తగ్గిస్తే?"

"బాగుండాది. ఆయమ్మ కాదు."

పొద్దు వాలేవేళకు వచ్చిన ముఖం ఒకటి ఓబిలేష్‌కు నచ్చింది. ఏభై ఏళ్ల ఆడమనిషి, కలుపుగోలు ముఖం. బస్సులో పక్కన నిలబడితే సీట్లో జరిగి చోటిచ్చేట్టుంది. తిప్పయ్య దానికేసి చాలాసేపు చూసి, "ఈయమ్మ ఎవురప్పా?" అన్నాడు. ఓబిలేష్‌కు నీరసం వచ్చింది.

ఆ పూట పోతూ పోతూ తిప్పయ్య మెట్ల దగ్గర ఆగి అడిగాడు. "నీకు ఇంట్లో ఎవురుండారప్పా?"

"ఎవురూ లేరు."

తిప్పయ్య అదేమీ తవ్వలేదు. "రేపు వస్తా" అని దిగిపోయాడు. ఓబిలేష్ స్టూలును గోడవారకు జరపబోయి, ఎలాగూ రేపు వస్తాడు కదా అని ఉన్నచోటే వదిలేశాడు. ఆ మాట ఎవరైనా తనతో అని చాలా కాలమైంది. రేపు వస్తా అన్నవాళ్లంతా ఆల్బం తయారైందా అని అడగడానికి వచ్చేవాళ్లే.

శుక్రవారం కూడా అలాగే గడిచింది. తిప్పయ్య సజ్జరొట్టె, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చాడు. ఇద్దరూ కంప్యూటర్ బల్ల మీద పాత పేపరు పరుచుకుని తిన్నారు. ఈసారి వానలు ఆగస్టులో మొహం చాటేశాయనీ, చెనిక్కాయ ఊడల దగ్గరే ఆగిపోయి కాయ పట్టలేదనీ, గొర్రెలను ఎటు తోలాలో తెలియడం లేదనీ చెప్పాడు. ఓబిలేష్ వింటూ మూడు ముఖాలను పలచన చేస్తూ, చిక్కన చేస్తూ పోయాడు. సాయంత్రానికి పదకొండు మంది ఆడవాళ్లు తయారయ్యారు. పదకొండు మందినీ తిప్పయ్య కాదన్నాడు.

శనివారం నాటికి ఓబిలేష్‌కు విసుగు మొదలైంది. మర్నాడే అమావాస్య. ఇక దాచుకోకుండా పైకే గొణుగుతున్నాడు.

"తిమ్మక్క లేరు... తీసేద్దాం. బయ్యన్న లేరు... ఉండనీ. ఓబన్న లేరు..."

వెనక స్టూలు ధడాలుమని పడింది.

"ఏమంటివి? తిమ్మక్క లేరా? నిన్న రాత్రి ఫోన్లో మాట్లాడినానే! ఓబన్న... నా కొడుకు పొద్దున నన్ను బండి మింద దించిపోయె గదప్పా! ఎవురు చెప్పిరి నీకు?"

ముసలాయన మెట్ల వైపు కదిలాడు. ఓబిలేష్ గబగబా లేచి ఆయన్ను పట్టుకున్నాడు.

"అయ్యో, అది కాదు పెద్దాయనా! అందరూ బాగుండారు! లేరు అంటే..." ఇక చెప్పక తప్పలేదు. తెర పక్కనున్న వరుస చూపించాడు. "ఇదో, ఒగొక్కరి మొగం ఒగొక్క పొర. పాల మింద మీగడ మాదిరి. ఆ పొరను మా పనిలో లేరు అంటాం. ఇది తిమ్మక్క పొర, ఇది బయ్యన్న పొర. అంతే."

తిప్పయ్య ఆ వరుసకేసి చూశాడు. ఊపిరి కుదుటపడింది. స్టూలు లేపి నిలబెట్టి కూర్చున్నాడు. చదువు రాని మనిషైనా మాట పట్టుకోవడంలో గొర్రెల కాపరులను మించినవాళ్లు లేరు.

"అయితే మొన్న మారెక్కను అన్నది గూడ...?"

"పొరనే పెద్దాయనా." ఓబిలేష్ ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. "ఆపొద్దే చెప్పాల్సింది. నువ్వు కండ్లు తుడుచుకుంటాంటే నాకు నోరు రాల్యా."

తిట్టి పోతాడనుకున్నాడు. పోయినా న్యాయమే. తిప్పయ్య మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కింద బస్సు ఒకటి వచ్చి ఆగి, జనాన్ని దించి, మళ్లీ పోయింది.

"నువ్వు నిజం చెప్తివి" అన్నాడు చివరికి. "నేను గూడ ఒగటి చెప్పాల."

"చెప్పు."

"ఆయమ్మ మొగం నాకు గ్యాపకం లేదప్పా."

ఓబిలేష్ మౌసు వదిలేశాడు.

"ఎన్నాళ్ల నుంచో తెల్దు. ఉండాదనే అనుకుంటి. పోయినేడు కోడలు ఫోటో ల్యాదన్నంక, ఎట్లుండేది మామా అత్త, అని అడిగె. చెప్దామని కండ్లు మూసుకుంటే రాల్యా. ఎంత పొద్దైనా రాల్యా. ఎనక నుంచి అయితే వెయ్యి మందిలో పట్టిస్తా. గొర్రెల ఎనకాల ఆయమ్మ, ఆయమ్మ ఎనకాల నేను. ముప్పై ఏండ్లు అట్లనే నడిస్తిమి. చేతులు చెప్పమంటే చెప్తా, గోర్లు గూడ చెప్తా. మొగమే రాదు."

"మరి మూన్నాళ్లూ కాదు, కాదు అంటివే?"

"కాదు కాదు అంటా పోతే, యాడో ఒగ చోట నువ్వే ఆయమ్మను నా ముందర నిలబెడ్తావు, చూస్తానే నాకు తెలుస్తాది అనుకుంటి. ఎవురికీ చెప్పుకోలేదప్పా. పెండ్లాం మొగం మర్సిపోయినా అని ఎవురితో చెప్పుకోవాల?"

ఓబిలేష్‌కు ముందు కోపం వచ్చింది. మూడు రోజుల పని! ఆ కోపం వెంటనే చల్లారింది. తనకు గుర్తున్న ముఖాలు ఎన్ని అని లెక్క వేసుకోబోయి భయమేసి ఆపేశాడు. వాళ్లమ్మ ముఖం తలుచుకుంటే గోడ మీది ఫోటోనే గుర్తొస్తుంది, అమ్మ గుర్తురాదు. ఆ ఫోటో తీసింది తనే.

తిప్పయ్య లేచాడు. "ఉన్నదాంట్లో ఒగటి ఇయ్యప్పా. ఎవురి మొగమైతే ఏమి, చీర పెట్టేకి ఒగ మొగముండల్ల. రేపటి నుంచి అదే ఆయమ్మ అనుకుంటా."

అనుకుంటాడు. అనుకోగలడు కూడా. ఇంకో సంవత్సరానికి ఆ పరాయి ముఖమే మారెక్క అయిపోతుంది. అది తలుచుకుంటే ఓబిలేష్‌కు చెయ్యి రాలేదు.

"కూచో పెద్దాయనా. ఆయమ్మ మీకేమన్నా సుట్టమా, బయటి సంబంధమా?"

"బయటి సంబంధమేమి? సొంతం మేనమామ కూతురు. మాయమ్మా, వాళ్ల నాయనా ఒగ తల్లి బిడ్డలే. సంతలో మమ్మల్ని చూసి అన్నాసెల్లెండ్లనుకునేటోళ్లు. ఆయమ్మకు యాడలేని కోపం వస్తాండె." చెప్తూనే నవ్వాడు. ఆ నవ్వుకు కళ్లు రెండు గీతలైపోయాయి.

ఓబిలేష్ తన నెత్తిన తానే ఒకటి మొట్టుకున్నాడు. తనకల్లు నుంచి తెప్పించారు, బయ్యన్న గోడ మీంచి పీక్కొచ్చారు. దగ్గరి పోలిక మూడు రోజులుగా ఈ స్టూలు మీదే కూర్చుని రొట్టె తింటోంది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"ఆ తువ్వాలు తియ్యి పెద్దాయనా. లైటు దిక్కు చూడు."

"నన్నెందుకప్పా?"

"సెప్తా గదా. చూడు."

తువ్వాలు తీస్తే నుదురు సగం తెల్లగా, సగం నల్లగా ఉంది. ఓబిలేష్ ఎదురుగా ఒకటి, నవ్వించి ఒకటి తీశాడు. నవ్వినదాన్నే ఎంచుకున్నాడు. మీసం చెరిపాడు, మాసిన గడ్డం చెరిపాడు. అన్నిటి కన్నా పైన పరిచి, మెల్లగా పలచన చేస్తూ వచ్చాడు. ఎనభైలో తిప్పయ్యే. అరవైలో తిప్పయ్యా కాదు, తిమ్మక్కా కాదు. ముప్పై దగ్గర ఏదో జరిగింది. ఇన్నాళ్లూ నున్నగా, ఎవరిదీ కానట్టున్న ఆ ముఖానికి ఎండ తగిలింది. కళ్ల పక్కన దూరంగా ఉన్న మందను చూసీ చూసీ పడే ముడతలు వచ్చాయి. పెదవి ఒక పక్కకు కొంచెం లాగినట్టయింది. ఎవరితోనో పోట్లాడబోయి మానుకున్నట్టుంది.

ఓబిలేష్ ఏమీ అడక్కుండా తెరను స్టూలు వైపు తిప్పాడు.

తిప్పయ్య కాదనలేదు. అవుననలేదు. స్టూలు మీంచి లేచి, తెరకు జానెడు దూరంలో నిలబడ్డాడు.

"యాడికి పోయింటివే?" అన్నాడు.

ఓబిలేష్‌తో కాదు. ఓబిలేష్ కిటికీ దగ్గరికి పోయి, పనేమీ లేకపోయినా బయటికి చూస్తూ నిలబడ్డాడు. అది నిజంగా మారెక్కేనా? చెప్పగలిగినవాళ్లు లేరు. ఎవరు చెప్పినా తను నమ్మేవాడు కాదు. ఇరవై రెండేళ్ల తర్వాత ఎవరో ఒకరు అలా కోపంగా అడిగే భాగ్యం అందరికీ ఉండదు.

కాసేపటికి వెనక్కి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"తిమ్మక్కకు పంపి ఒగ మాట అడుగుదామా?"

"వద్దు. ఆయమ్మకేం తెల్సు, సిన్నప్పుడే పెండ్లయి తనకల్లు పోయె. ముప్పై ఏండ్లు కాపరం చేసింది నేను గదా."

ఇందాకటిదాకా ముఖం గుర్తులేని మనిషి ఈ మాట ఎంత గట్టిగా అన్నాడంటే, ఓబిలేష్‌కు నవ్వొచ్చింది. ప్రింటు మిషన్ ఆన్ చేసి, కాగితం పెట్టాడు. పేరు కింద ఏమన్నా రాయాలా అంటే, వద్దన్నాడు తిప్పయ్య, ఆయమ్మకూ చదువు రాదని. ఫ్రేముకు నల్లది వద్దని చెక్కరంగుది ఏరుకున్నాడు. ఇక ఒకటే మిగిలింది. ప్రింటుకు ముందు పొరలన్నిటినీ కలిపి ఒకటి చేయడం ఓబిలేష్ అలవాటు. చాలామందికి చెప్పడు. ఈయనకు చెప్పాలనిపించింది.

"ఒగ మాట పెద్దాయనా. ఇప్పుడంటే నీ పొర వేరే, ఆయమ్మ పొర వేరే. కావాలంటే నిన్ను తీసెయ్యొచ్చు. ఒగసారి కలిపేస్తే మళ్లా విడదీసేకి కాదు. నీ మొగం ఆయమ్మ మొగంలో అట్లనే ఉండిపోతాది. ఎవురొచ్చి ఏం చేసినా బయటికి రాదు. ఆలోచించుకో."

తిప్పయ్య తువ్వాలు తలకు చుట్టుకుంటూ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ఇరవై రెండేండ్లు విడిగానే ఉంటిమి గదప్పా" అన్నాడు. "కలుపు."

ఓబిలేష్ మీట నొక్కాడు. తెర పక్కనున్న పేర్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. తిమ్మక్క పోయింది, బయ్యన్న పోయాడు, ఓబన్న పోయాడు, తిప్పయ్య కూడా పోయాడు. ఒక్క మనిషి మిగిలింది.